మొనాకో మీద అప్పడాలు

గోవిందరావు ప్రేమలో పడిన రోజున మధ్యధరా సముద్రం మీద మినప అప్పడాలు ఎండుతున్నాయి.

వైశాఖం ఎండలో డ్యూటీ దిగి, సైకిలు గోడకి చేరేసి, చెమట తుడుచుకుంటూ పెరట్లోకి వచ్చాడతను. వచ్చి చూస్తే నులక మంచం మీద తన ప్రాణం పరిచి ఉంది. ప్రాణమంటే ప్రాణమే మరి. ఏ దొరగారి బంగళాలోనో చదివి పారేసిన ఇంగ్లీషు పత్రికలోంచి ఊడి, గోల్ బజారు పాత కాగితాల కొట్టుకి చేరి, అక్కణ్ణించి గోవిందరావు చేతికొచ్చిన రంగుల బొమ్మ అది. మడత విప్పితే మంచమంత. నీలం సముద్రం, తెల్ల ఓడ, ఓడ మీద గొడుగు పట్టుకున్న దొరసాని, దూరాన కొండ అంచున బారులు తీరిన మేడలు. కింద పెద్ద ఇంగ్లీషు అక్షరాలతో మొనాకో అని ఉంటుంది. ఇప్పుడు ఆ అక్షరాలు కనపడటం లేదు. వాటి మీద అప్పడాలున్నాయి.

మంచం పక్కన పీట మీద కూర్చుని ఒకమ్మాయి ఇంకో అప్పడం ఒత్తుతోంది.

"ఏయ్, అవి తియ్యి" అన్నాడు గోవిందరావు.

"ఏటి తియ్యాలి?" అంది ఆ అమ్మాయి, అప్పడాల కర్ర ఆపకుండా.

"అప్పడాలు. మొనాకో మీంచి తియ్యి."

అప్పుడు తలెత్తింది. ఆ చూపు గురించి గోవిందరావు తరవాత చాలామందికి చెప్పాడు. ఒక్కొక్కరికీ ఒక్కో రకంగా చెప్పాడు కనక ఏది నిజమో అతనికే గుర్తు లేదు. నుదుటి మీద పిండి అంటుకుని ఉందన్నది మాత్రం ఖాయం.

"మీ అమ్మే, అచ్చియమ్మత్తే ఇచ్చింది. కాయితం దళసరిగా ఉంది, నున్నగా ఉంది, అంటుకోదు అంది. ఎవరండీ ఈ మొనాకో? మీ సుట్టమా?"

"అది దేశం."

"దేశమా?" ఆమె ఒక అప్పడం ఎత్తి కిందికి చూసింది. "ఇదేనా? అప్పడం కింద దాగిపోయింది."

"చిన్న దేశమే. ఈ కొస నుంచి ఆ కొసకి గంటలో నడిచెయ్యొచ్చు. మన రైలు యార్డు ఇంకా పెద్దది."

"అచ్ఛా. మరక్కడికి ఎలాగెల్తారు?"

"ఓడ మీద. బొంబాయిలో ఎక్కితే రెండు వారాల పైన పడుతుంది."

"రెండు వారాలు ఓడలో కూకుని, దిగి, గంటసేపు నడిచి, మళ్ళీ ఓడెక్కెయ్యాలి. అంతేనా?" అంది ఆమె, లెక్క సరిచూస్తున్నట్టు. "దీనికన్నా తోర్వా బజారుకెళ్ళడం నయం. గాజులైనా దొరుకుతాయి."

రెండేళ్ళ నుంచి ఆ బొమ్మ వంక చూస్తున్నాడు గాని గోవిందరావుకి ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు. బుద్ధున్నవాడైతే నవ్వేసి స్నానానికి పోయేవాడు. గోవిందరావు చొక్కా కాలరు సర్దుకున్నాడు.

"నేను వెళ్తున్నాను" అన్నాడు. "వచ్చే చలికాలం. ఏర్పాట్లు జరుగుతున్నాయి."

ఆ మాట నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికి తెలీదు. బిలాస్‌పూర్ స్టేషన్‌లో పార్సిల్ గుమస్తా అతను. నాగపూర్ కమలాలూ కలకత్తా ట్రంకుపెట్టెలూ అతని చేతి మీదుగా దేశమంతా తిరిగేవి. తను మాత్రం పడమట రాయపూర్ దాటలేదు, తూర్పున ఖర్గపూర్ దాటలేదు. అమ్మానాన్నలది భీమిలి పక్కనే గాని, అతను పుట్టిందీ పెరిగిందీ ఈ రైల్వే క్వార్టర్లోనే. సముద్రం గురించి అతనికున్న అనుభవమల్లా ఈ కాగితమే.

"సరదాకా, పనికా?" అని అడిగింది ఆ అమ్మాయి.

"సరదాకి."

"బర్మా రంగానికి పనికెల్లినోళ్ళని సూసినాను. కాశీకి పుణ్యానికెల్లినోళ్ళని సూసినాను. సరదాకి ఓడెక్కీవోళ్ళని ఇప్పుడే సూడటం."

అంటూనే అప్పడాలన్నీ ఒక్కొక్కటీ తీసి చేటలో వేసింది. పమిట చెంగుతో మొనాకో మీది పిండి నెమ్మదిగా తుడిచింది, పసిపిల్ల మొహం తుడిచినట్టు. అంతే, గోవిందరావు పని అయిపోయింది.

ఆ అమ్మాయి పేరు కనకం. మెయిలు డ్రైవరు అప్పలస్వామికి ఒక్కతే కూతురు. చిన్నప్పుడే తల్లి పోతే భీమిలిలో అమ్మమ్మ దగ్గర పెరిగింది. ఆ ముసలామె కూడా పోవడంతో ఈ మధ్యనే తండ్రి క్వార్టర్‌కి వచ్చింది. గోవిందరావు తల్లి అచ్చియమ్మకి అప్పలస్వామి వరసకి అన్నయ్య. ఆ వరస రక్తసంబంధం కాదు, ఒకే ప్రాంతం నుంచి ఒకే రైలెక్కి వచ్చిన సంబంధం. కాలనీలో అది రక్తం కంటే గట్టిది.

*

ఆ తరవాత కనకం దాదాపు రోజూ వచ్చేది. ఓ రోజు కరివేపాకు కోసం, ఓ రోజు జల్లెడ కోసం, ఓ రోజు ముందురోజు తీసుకెళ్ళిన జల్లెడ ఇవ్వడం కోసం. అచ్చియమ్మ లోపల పని చూసుకుంటూ ఉంటే పెరట్లో ప్రయాణం ఏర్పాట్లు సాగేవి.

గోవిందరావుకి తెలిసింది రైలొక్కటే. అందుకని ఓడ ప్రయాణమంతా రైలు పద్ధతిలోనే వేశాడు. బొంబాయి బయల్దేరే స్టేషను. ఏడెన్‌లో ఓడకి నీళ్ళు పడతారు. పోర్ట్‌సెడ్ పెద్ద జంక్షను, దిగి టీ తాగొచ్చు. మార్సేల్స్‌లో బండి మారాలి, అక్కణ్ణించి మొనాకో బ్రాంచి లైను.

"ఎదురుగా ఇంకో ఓడొస్తేనో?" అని అడిగింది కనకం.

"మనదాన్ని పక్క పట్టాల మీద, లూప్ లైన్లో పెడతారు."

కనకం నవ్వలేదు. బుర్ర ఊపింది. సముద్రంలో లూప్ లైను ఉండదన్న సంగతి గోవిందరావుకి మర్నాడు పొద్దున్న స్నానం చేస్తుంటే తట్టింది. చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"తిండి సంగతేటి?" అంది ఆమె ఇంకో రోజు.

"ఓడలో వాళ్ళే పెడతారు. బ్రెడ్డు, సూపు, అలాంటివి."

"సచ్చిపోతారు. కుంపటి పట్టుకెల్లండి. బియ్యం, సింతపండు, కూసింత ఇంగువ."

"ఓడలో కుంపటి ముట్టించనివ్వరు, కనకం."

"బొగ్గుతో నడిచే ఓడే కదా. అంతంత బొగ్గు కాల్చుకునీవోళ్ళు గుప్పెడు బొగ్గుల కాడ పేచీ పెడతారేటి?"

సామాన్లలోకి కుంపటి చేరింది. దాని వెనక విసనకర్ర, ఆ వెనక ఆవకాయ జాడీ చేరాయి. ప్రయాణం తేదీకి ఓడ మునిగిపోయేంత సామాను కూడేలా ఉంది. ఎక్కడికీ వెళ్ళని ప్రయాణానికి సామాను ఎంతైతేనేం అని గోవిందరావు తనకి తనే సర్దిచెప్పుకునేవాడు.

"మొదట్రోజు కడుపులో దేవుతుంది. రెండో రోజు అంతా పైకొచ్చేస్తుంది. మా ఊళ్ళో కొత్తగా పడవెక్కినోళ్ళందరిదీ అదే పని. మీరు తట్టుకుంటారా?"

"నేనా?" అన్నాడు గోవిందరావు, పుట్టడమే ఓడలో పుట్టినవాడిలా.

ఆమె సముద్రం గురించి చెప్తుంటే అతను పని మానేసి వినేవాడు. భీమిలి ఒడ్డున పొద్దు పొడిచే వేళ నీళ్ళు ఏ రంగులో ఉంటాయో, లంగరేసిన ఓడల్ని చూసి చిన్నప్పుడు ఏమనుకునేదో చెప్పింది. అవన్నీ ఎక్కడికెళ్తాయని అమ్మమ్మని అడిగితే, "ఆడపిల్లవి, నీకెందుకూ" అనేదట. బొమ్మలోని గొడుగు దొరసాని మీద వేలు పెట్టి, "ఈవిడకెవరూ అలాగ సెప్పలేదు కామోసు" అంది కనకం. అప్పుడు మాత్రం గొంతులో వేళాకోళం లేదు.

ఒక మధ్యాహ్నం మాటల మధ్యలో, "మనం పోర్ట్‌సెడ్‌లో దిగినప్పుడు..." అనేసింది. అని ఆగిపోయింది. చెట్టు మీది కాకి ఒక్కటే అరిచింది.

"పొయ్యి మీద అన్నం మాడిపోతాది" అని కనకం లేచి వెళ్ళిపోయింది. అప్పటికి మధ్యాహ్నం రెండు దాటింది. ఆ వేళకి కాలనీలో ఏ పొయ్యి మీదా అన్నం ఉండదు.

*

శ్రావణంలో అర్పా నది ఒడ్డుల్ని ఒరుసుకుని పారుతోంది. గోవిందరావు ఒక నిశ్చయానికొచ్చాడు. ఓడెక్కకపోయినా ఓడెక్కగలిగినవాడిలా అయినా ఉండాలి. అందుకు సాధన చెయ్యాలి.

ఆదివారం పూట రేవుకెళ్ళి పడవవాణ్ణి పిలిచాడు.

"కహా జాబే బాబూ?" అని అడిగాడు పడవవాడు, ఎక్కడికని.

"కహీ నహీ. బస్, హిలావో" అన్నాడు గోవిందరావు. ఎక్కడికీ పోనక్కర్లేదు, ఊపితే చాలన్నాడు.

పడవవాడు జాలిగా చూశాడు. పెద్దింటి పిచ్చి అనుకున్నాడో ఏమో, పడవని మధ్యకి తీసుకెళ్ళి ఊపడం మొదలెట్టాడు. మనిషి నిజాయితీపరుడు, ఒప్పుకున్న పని మనస్ఫూర్తిగా చేశాడు. గోవిందరావు మొదట దొరసానిలా కూర్చుని దూరంగా చూశాడు. తరవాత దగ్గరగా చూశాడు. ఆ తరవాత కళ్ళు మూసుకున్నాడు. అంతలో వాన అందుకుంది. వానతో పాటు పొద్దున్న తిన్న అట్లు కూడా బయల్దేరాయి.

పడవ ఒడ్డుకి చేరేసరికి, వరద చూడ్డానికొచ్చిన కాలనీ ఆడవాళ్ళంతా గట్టు మీద గొడుగులేసుకుని నిలబడి ఉన్నారు. అతను వంగి రెండు చేతుల్తో అంచు పట్టుకుని అర్పా నదికి లోపలి విషయాలన్నీ విన్నవించుకుంటున్నాడు. ఎవరో వచ్చి అతని నెత్తి మీద గొడుగు పట్టారు.

"ఇది ఏ పోర్టండీ?" అంది కనకం.

"నన్ను చూడకు. వెళ్ళిపో."

"సూడకుండా గొడుగెలాగ పడతాను? నోరు తెరవండి." కొంగు ముడి విప్పి ఎండు ఉసిరి ముక్క తీసి అతని చేతిలో పెట్టింది. "బుగ్గన పెట్టుకోండి. తగ్గుతాది."

వాన బోరున కురుస్తోంది. కనకం పొట్టి, అతను పొడుగు. గొడుగు ఊచ అతని చెవిలో పొడుస్తోంది. అయినా జన్మంతా ఆ ఊచ అలాగే పొడుస్తూ ఉంటే బాగుండుననిపించింది.

"మీరు సముద్రం సూడలేదు కదా?" అంది ఆమె మెల్లగా.

"లేదు" అన్నాడు.

ఆ నిమిషంలోనే మిగతా నిజం కూడా చెప్పేసి ఉంటే బాగుండేది. ఎదురుగా అంత మంచి అవకాశం పెట్టుకుని గోవిందరావు ఏమన్నాడంటే, "సముద్రం చూడలేదనుకో, ఏర్పాట్లు మాత్రం చాలా దూరం వచ్చాయి" అన్నాడు.

"సర్లెండి" అంది కనకం.

*

అక్కడితో ఆగినా సరిపోయేది. కాని ఇంట్లో అచ్చియమ్మ ఉంది. కొడుకు ఓడెక్కుతున్నాడని నమ్మిన మొదటి మనిషి ఆవిడే. "అక్కడ గుడేటైనా ఉందా?" అని అడిగింది. లేదన్నాడు. "మొక్కుబడి లేదు, గుడి లేదు, అయినా ఎల్తన్నాడంటే ఎంత పెద్దోడయిపోనాడో నా కొడుకు" అనుకుంది. ఆ ముక్క కుళాయి దగ్గర చెప్పింది.

"పాస్ మీదేనా?" అని అడిగింది పక్క క్వార్టరు అప్పలనర్సమ్మ, బిందె ఎత్తుకుంటూ.

"మరేటి? రైల్వేవోడు టికెట్టు కొంటాడేటి?" అంది అచ్చియమ్మ అమాయకంగా.

రైల్వే కాలనీలో పాస్ అంటే ఏమిటో బయటివాళ్ళకి ఎంత చెప్పినా అర్థం కాదు. నౌకరీ చేసేవాడూ, అతని భార్యా, పిల్లలూ ఏడాదికోసారి ఊరికే రైలెక్కే హక్కు అది. పెళ్ళిళ్ళూ పురుళ్ళూ తీర్థయాత్రలూ అన్నీ దాన్ని చూసుకునే పెట్టుకుంటారు. డబ్బు పెట్టి టికెట్టు కొనుక్కున్నవాణ్ణి చూస్తే జాలిపడతారు. అలాంటిచోట ఓడకి మాత్రం టికెట్టు కొనాలన్న ఆలోచన ఎవరికొస్తుంది? సాయంత్రానికల్లా ఓడ మీద కూడా పాస్ చెల్లుతోందని ఇంజను షెడ్డులో, సిగ్నల్ కాబిన్లో, గార్డుల గదిలో తెలిసిపోయింది.

దాని వెనకే ఇంకో మాట పుట్టింది. గోవిందరావు బ్రహ్మచారి. అంటే ఆ పాస్‌లో భార్య జాగా ఖాళీ. దొరల సీమ దాకా పోయే పాస్‌లో ఒక జాగా ఊరికే పోతోంది.

కాలనీ తట్టుకోలేకపోయింది. ఖాళీ వేగను పంపితేనే రైల్వేవాడికి నిద్ర పట్టదు.

"ఏమోయ్, ఇది అన్యాయం కాదూ?" అన్నాడు గార్డు రమణమూర్తి, ఇంటికొచ్చి మరీ. "మా రెండోదానికి సంబంధాలు చూస్తున్నాం. పిల్ల బరువు కూడా ఉండదు. నీకేం ఇబ్బంది?"

ఇంకో ఇద్దరు తండ్రులు జాతకాలు పట్టుకొచ్చారు. మూడో లైనులో ఉండే అప్పయమ్మ పిన్ని, "నన్ను తల్లి పేరు మీద ఎక్కించీ నాయనా, మధ్యలో కాశీలో దిగిపోతాను" అంది.

"కాశీ ఆ దారిలో లేదు పిన్నీ."

"పాస్ నీది, దారి నీది. కూసింత తిప్పుకో."

అందరికీ నిజం చెప్పేద్దామని నోరు తెరిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు అతని నెత్తి మీద చెయ్యి పెట్టి దీవించేవారు. చెయ్యి నెత్తి మీదుండగా కాదనడం మర్యాద కాదని ఊరుకునేవాడు. పైగా, దాచుకోవడం దేనికి, జీవితంలో మొదటిసారి తను నడిచొస్తుంటే కాలనీ అరుగుల మీదివాళ్ళు లేచి నిలబడుతున్నారు. అది బాగానే ఉంది.

కార్తీకంలో ఆదివారం సాయంత్రం రైల్వే ఇన్‌స్టిట్యూట్ ముందు వీడ్కోలు సభ అని రమణమూర్తి నిర్ణయించేశాడు. దండకి కూడా చెప్పేశాడు.

ఈ హడావిడిలో గోవిందరావు ఒక్కటే గమనించాడు. కనకం రావడం మానేసింది.

*

సభకి ముందురోజు వచ్చింది. చేతిలో జల్లెడ లేదు, గిన్నె లేదు. వచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది.

"మా అయ్య రేపు సాయంత్రం బండికి ఖర్గపూర్ ఎల్తన్నాడు" అంది. "అక్కడ ఆదినారాయణ అని ఫిట్టరున్నాడు. మాటిచ్చేసి వస్తానంటన్నాడు."

గోవిందరావు గుమ్మం దాకా వచ్చాడు.

"మీ గురించి అత్తతో మాట్టాడదామనే ఉన్నాడు మా అయ్య. దసరా ఎల్లగానే వస్తాననుకున్నాడు. ఓడ మాట విని మానీసినాడు. మా అమ్మన్న బాబాయి రంగం ఓడెక్కినాడు. ఒక్కడే ఎల్లినాడు. పనికని ఎల్లినాడు, మరి రాలేదు. బతికున్నాడో లేదో కూడా తెల్దు. ఓడెక్కీవోడికి పిల్లనివ్వను అంటన్నాడు మా అయ్య. ఆయన తప్పేటుంది?"

"నువ్వేమంటున్నావు?"

"నా మాట తరవాత. మీరు ఎల్తన్నారా, లేదా? అది సెప్పండి."

ఆ ఒక్క మాట చెప్తే చాలు. కాని లేదంటే తను ఎవరు? రాయపూర్ దాకా చూసిన పార్సిల్ గుమస్తా. ఈ పిల్ల రోజూ వచ్చి కూర్చుంది తన కోసమా, ఆ నీలం సముద్రం కోసమా? సముద్రం తీసేస్తే తన దగ్గర ఏముంది, ఒక సైకిలు తప్ప? ఇన్నాళ్ళూ గోవిందరావు భయపడింది కాలనీకి కాదు, ఈ ప్రశ్నకి.

"ఆలోచించి చెప్తాను" అన్నాడు.

లోకంలో పిరికివాళ్ళందరూ కలిసి పుట్టించిన మాట అది. కనకం అతని మొహంలోకి ఒకసారి చూసి వెళ్ళిపోయింది.

*

ఇన్‌స్టిట్యూట్ ముందు జంపఖానాలు పరిచారు. ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు. అప్పలస్వామి కూడా వచ్చాడు, చెల్లెమ్మ పిలిచిందని మర్యాదకి. కొస కుర్చీలో కూర్చుని ప్రయాణం సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఇక్కణ్ణించి తిన్నగా స్టేషనుకే. ఆడవాళ్ళలో వెనక వరసలో కనకం తల వంచుకుని కూర్చుంది.

రమణమూర్తి ఉపన్యాసం దంచేశాడు. మన రైల్వే తెలుగువాళ్ళలో ఇలాంటి మగధీరుడు పుట్టడం మన అదృష్టం అన్నాడు. బంతిపూల దండ వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. గోవిందరావు లేచి నిలబడ్డాడు. అప్పలస్వామి జేబులోంచి గడియారం తీసి చూసుకుని సంచీ భుజానికి తగిలించుకోవడం కనిపించింది.

"మావయ్యా, ఒక్క నిమిషం కూర్చోండి" అన్నాడు గోవిందరావు. "నేను ఎక్కడికీ వెళ్ళటం లేదు."

ఎవరికీ అర్థం కాలేదు.

"పాస్ లేదు. ఓడ మీద రైల్వే పాస్ చెల్లదు. టికెట్టు కొనడానికి నా జీతం కాదు కదా, మా పెద్ద గుమస్తా జీతం కూడా చాలదు. నేను సముద్రమే చూడలేదు. అర్పాలో పడవెక్కితేనే వాంతి చేసుకున్నాను. మీలో సగం మంది చూశారు కూడాను."

"ఆ పడవాయనది తప్పనుకున్నాం" అంది అప్పలనర్సమ్మ.

"నా కాశీ?" అంది అప్పయమ్మ పిన్ని.

నవ్వులు మొదలయ్యాయి. అచ్చియమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. రమణమూర్తి వచ్చి, "దండ తియ్యవోయ్, పూలు దండగ" అన్నాడు. గోవిందరావు దండ తీసి ఇచ్చేశాడు. ఇంత తేలిగ్గా ఉంటుందని తెలిస్తే వైశాఖంలోనే చెప్పేసేవాణ్ణి కదా అనుకున్నాడు.

అప్పలస్వామి నవ్వలేదు. ఇంజను ముందు బొగ్గు సెగకి నల్లబడిన ఆ మొహంలో ఏముందో చెప్పడం కష్టం.

"మరి ఎందుకు సెప్పినావు అబద్ధం?" అన్నాడు.

"కనకం ఇంకాసేపు మాట్లాడుతుందని" అన్నాడు గోవిందరావు. నవ్వులు ఆగిపోయాయి. "ఆ రోజు వెళ్తున్నాను అనకపోతే అప్పడాల చేట ఎత్తుకుని వెళ్ళిపోయేది. మర్నాడు మళ్ళీ రావాలంటే ఇంకో అబద్ధం కావాలి. అలా మార్సేల్స్ దాకా వచ్చాను. నాకు కనకమంటే ఇష్టం, మావయ్యా. అదొక్కటే ఇందులో నిజం."

"ఓడెక్కీవోడికి ఇవ్వకూడదనుకున్నాను" అన్నాడు అప్పలస్వామి. "ఇప్పుడు ఓడ లేదంటన్నావు. బాగానే ఉంది. మరి అబద్ధాలోడికి ఎలాగిచ్చీది?"

దీనికి జవాబు వెనక వరసలోంచి వచ్చింది.

"అయ్యా, సగం అబద్ధం నాది" అంది కనకం. లేచి నిలబడింది. పమిట కొస గట్టిగా పట్టుకుంది గాని తల దించలేదు. "ఈయన ఎల్లరని నాకు మొదట్రోజే తెల్సు. ఓడలకి లూప్ లైనన్నప్పుడు మరీ తెల్సు. అయినా రోజూ ఎల్లి, తరవాతేటి, తరవాతేటి అని అడిగినదాన్ని నానే. నానడిగితే ఆయన సెప్పినాడు."

"తెలిసీ ఎందుకడిగినావే?"

"సిన్నప్పటి నుంచి ఎవరినడిగినా నీకెందుకన్నారు. ఈయనొక్కడే రా, కూకో, సెప్తానన్నాడు. తెలీకపోయినా సెప్పినాడు. నాకది నచ్చింది, అయ్యా."

గోవిందరావు నోరు తెరుచుకుని నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ తను భయపడిన ప్రశ్నకి ఈ పిల్ల ఇంతమందిలో జవాబు చెప్పేసింది. సముద్రం కోసం కాదట.

అప్పలస్వామి గోవిందరావు వేపు తిరిగాడు.

"అయితే నాకొక మాటియ్యి. జన్మలో ఓడెక్కను అని ఒట్టెయ్యి. ఇప్పుడే పిల్లనిస్తాను."

ఎంత సులువు. అబద్ధాలతో నెలలు గడిపిన నోటికి ఇదొక లెక్కా. పైగా ఇది అబద్ధం కూడా కాదు, ఎలాగూ ఎక్కేది లేదు. అచ్చియమ్మ అవతల్నించి, వెయ్యరా వెయ్యరా అని చేత్తో సైగ చేస్తోంది. గోవిందరావు కనకం వంక చూశాడు. ఆమె నేల చూపులు చూస్తోంది. గొడుగు దొరసాని మీద వేలు పెట్టి ఆ రోజు అన్న మాట అతనికి గుర్తొచ్చింది.

"వెయ్యలేను, మావయ్యా" అన్నాడు.

అచ్చియమ్మ తల పట్టుకుంది.

"నాకై నేను ఎక్కను. కాని ఎప్పుడో ముసలితనంలో అయినా కనకం వెళ్దామంటే, అప్పటికి నా దగ్గర డబ్బుంటే, కాదనలేను. ఒక్కటి మాత్రం ఒట్టేస్తాను. ఒక్కణ్ణీ ఎక్కను. ఏ ఒడ్డుకి వెళ్ళినా ఇద్దరమే వెళ్తాం, ఇద్దరమే వస్తాం."

అప్పలస్వామి భుజం మీది సంచీ జారింది. ఆయన సర్దుకోలేదు.

"మా తమ్ముడు అమ్మన్న ఒక్కడూ ఎల్లినాడు" అన్నాడు, ఎవరితోనూ కాదు. "తోడు రమ్మన్నాడు. నాను రైలు కొలువులో సేరిపోనాను. తోడుంటే వచ్చీసీవోడు."

స్టేషను వేపు నుంచి ఖర్గపూర్ బండి కూత వినిపించింది. వెళ్తే ఇప్పుడు లేవాలి. అప్పలస్వామి కుర్చీలోంచి కదల్లేదు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ ఊరిపేరేటీ? మొనాకో. అక్కడ రైలుందా?"

"ఉంది మావయ్యా. స్టేషను కూడా ఉందట."

"ఉంటే ఇంజనుంటాది. ఇంజనున్న కాడ డ్రైవరుంటాడు. డ్రైవరు కొంపలో మన పిల్లకి పిడికెడు అన్నం పెట్టరేటి?" ఆయన లేచి సంచీ తీసుకెళ్ళి కనకం చేతిలో పెట్టాడు. "ఇంటికి పట్టుకెల్లు. నాను బండెక్కడం లేదు. ఈ పూట ఈడిక్కూడా బియ్యం పొయ్యి."